ఆపరేషన్‌తో అయిపోలేదు: గుండె జబ్బున్న మన యువతకు నడకే బలం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో వైద్య సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద మేము మీకు లెక్క అప్పజెబుతాం. ఎవరికి మందులు ఇప్పించాం, ఎవరి ఆపరేషన్‌కు ఎంత సాయం చేశాం అన్న లెక్క అది. ఆ వివరాలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ చదవడం లేదు. ఈసారి మాకిచ్చిన సమయాన్ని లెక్కల పుస్తకంలో కనిపించని ఒక విషయానికి వాడుకోవాలని కమిటీ అనుకుంది. గుండెకు ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్లవాళ్లు ఆ తర్వాత ఎలా బతుకుతున్నారు? ఇదే మా ప్రశ్న.

మేము ఇళ్లకు వెళ్లినప్పుడు తరచుగా చూసేది ఇది. స్టెంట్ వేసి ఏడాది దాటింది. అంతా బాగుందని డాక్టరు చీటీలో రాశారు. మనిషి మాత్రం మంచం దిగడు. నిన్నమొన్నటి దాకా మండీలో టమాటా బాక్సులు ఎత్తినవాడు, ఇప్పుడు నీళ్ల బిందె ముట్టుకుంటే భార్య ఒప్పుకోదు. "బేటా, మెట్లెక్కొద్దు" అంటుంది తల్లి. "నీకేమన్నా అయితే నా మీదికి వస్తుందప్పా, ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉండు" అంటాడు దుకాణం యజమాని. వీళ్లెవరి మాటలోనూ చెడు లేదు. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమలన్నీ కలిసి ఒక పడుచు మనిషిని మంచానికి కట్టేస్తున్నాయి.

మన ప్రాంతంలో గుండెకు వైద్యం దొరకదనే రోజులు పోయాయి, అల్హమ్దులిల్లాహ్. తిరుపతిలో స్విమ్స్ 1993 నుంచి పనిచేస్తోంది. రుయా ఉంది. చిన్నపిల్లల గుండె ఆపరేషన్ల కోసం శ్రీ పద్మావతి హృదయాలయం 2021 అక్టోబరు 11న మొదలైంది. చిత్తూరువాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గరే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం పేదవాడి ఆపరేషన్ ఖర్చు భరిస్తోంది. ఇవన్నీ కలిసి ప్రాణం నిలబెడుతున్నాయి. నిలబడిన ప్రాణాన్ని మళ్లీ పనిలోకి, సంసారంలోకి, నలుగురిలోకి నడిపించే బాధ్యత మాత్రం ఇంటివాళ్ల మీద, మన మీద పడుతుంది.

ఈ యువత ఎవరు?

గుండె జబ్బంటే ముసలివాళ్ల జబ్బని మనలో చాలామంది ఇంకా అనుకుంటున్నారు. మా దగ్గరికి సాయానికి వచ్చే యువతలో నాలుగు రకాలవాళ్లు కనిపిస్తారు.

మొదటివాళ్లు రుమాటిక్ గుండె జబ్బువాళ్లు. చిన్నప్పుడు, ముఖ్యంగా ఐదు నుంచి పదిహేనేళ్ల మధ్య, గొంతునొప్పి వస్తుంది. సరిగ్గా మందు పడకపోతే కొందరిలో అది కీళ్ల జ్వరంగా మారి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. ఇరుకు ఇళ్లలో, ఎక్కువమంది కలిసి పడుకునేచోట ఈ జబ్బు ఎక్కువ. అందుకే ఇది పేదవాళ్లను వెతుక్కుంటూ వస్తుంది. ఇరవై ఏళ్లకే ఆయాసం, బెలూన్ చికిత్స, కొందరికి కవాటం మార్పిడి, మెటల్ కవాటం పెడితే జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర.

రెండోవాళ్లు పుట్టుకతో గుండెలో రంధ్రం, మరో లోపం ఉండి, చిన్నప్పుడే ఆపరేషన్ అయి పెద్దవాళ్లైన పిల్లలు. బడిలో పీటీ పీరియడంతా చెట్టుకింద కూర్చోబెట్టిన పిల్లలు వీళ్లు. ఆపరేషన్ ఐదేళ్లప్పుడు అయింది. కూర్చోబెట్టడం మాత్రం పాతికేళ్లొచ్చినా ఆగలేదు.

మూడోవాళ్లు చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. మొదటి గుండెపోటు సగటున మిగతా దేశాలవాళ్లకు 58, 59 ఏళ్లకు వస్తే, మన దక్షిణాసియావాళ్లకు 53కే వస్తోందని అందులో తేలింది. సగటే 53 అంటే, నలభై లోపు వచ్చేవాళ్లు కూడా ఉంటారని అర్థం. బీడీ, సిగరెట్, షుగరు, బీపీ, కొలెస్టరాల్, పొట్ట చుట్టూ కొవ్వు, ఒళ్లు కదలకపోవడం, మనసులో ఒత్తిడి: కారణాలు మీకు తెలియనివి కావు.

నాలుగోవాళ్లు గుండె కండరం జబ్బున్నవాళ్లు. కండరం మందమైపోవడమో, సాగి బలహీనపడడమో జరుగుతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది వంశపారంపర్యం. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ జబ్బుకు దారితీయగల ఒక జన్యు మార్పు మన దేశంలో నూటికి సుమారు నలుగురిలో ఉంది. ఆ మార్పు ఉన్న ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు. ఇంట్లో ఒకరికి జబ్బు తేలినా, చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయినా, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఒకసారి ఎకో పరీక్ష చేయించాలి. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఎక్కువగా ఉన్న మన ఇళ్లలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి.

ఈ నాలుగు రకాలవాళ్లకూ వ్యాయామం ఒకేలా ఉండదు. నలుగురికీ వర్తించే మాట ఒకటే. కదలకుండా కూర్చోవడం ఎవరికీ మందు కాదు.

"రెస్టు" అనే మాట

రెస్టు తీసుకోవాలనే నమ్మకం మనకు ఊరికే రాలేదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. ఎక్కడెక్కడి నుంచో క్షయ రోగులు ఆ గాలి కోసం, ఆ విశ్రాంతి కోసం వచ్చేవారు. మందులు లేని కాలంలో విశ్రాంతే వైద్యం. తర్వాత మందులు వచ్చాయి. 1959లో మద్రాసు పరిశోధకులు, ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్లకూ శానిటోరియంలో మంచం మీద ఉండి వాడినవాళ్లకూ ఫలితం దాదాపు ఒకటేనని నిరూపించారు. క్షయ విషయంలో లోకం ఆ పాఠం నేర్చుకుంది. "పెద్ద జబ్బు వస్తే కదలకూడదు" అనే మాట మాత్రం మన ఇళ్లలో అలాగే నిలిచిపోయింది.

గుండె వైద్యంలోనూ ఇదే జరిగింది. ఒకప్పుడు గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1950ల మొదట్లో అమెరికాలో లెవైన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగుల్ని మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పట్లో అదే పెద్ద సాహసం. 1953లో లండన్‌లో జెర్రీ మారిస్ అనే డాక్టరు బస్సు డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశాడు. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. మనలో ఆటోలు, లారీలు నడిపేవాళ్లు, కుట్టుమిషన్ ముందు, దుకాణం గల్లాపెట్టె ముందు పొద్దస్తమానం కూర్చునేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ డ్రైవర్ల కథ మన కథే.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. ఏ జబ్బూ లేని ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే తేలింది ఏమిటంటే, ముప్పై ఏళ్ల వయసు తగ్గించినదానికంటే ఆనాటి మూడు వారాల పడక వాళ్ల ఒంటి శక్తిని ఎక్కువ తగ్గించింది. ఆరోగ్యంగా ఉన్నవాడి సంగతే అది. ఇక జబ్బుపడి లేచినవాణ్ణి ఏడాదిపాటు మంచం మీద ఉంచితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. కండ కరుగుతుంది, షుగరు పెరుగుతుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. ఆ ఆయాసం చూసి "గుండె ఇంకా బాగా లేదు" అని మళ్లీ పడుకోబెడతాం. నిజానికి ఆ ఆయాసంలో పెద్ద భాగం పడుకోబెట్టడం వల్ల వచ్చిందే.

మరి నడిపిస్తే? గుండె రోగులకు క్రమపద్ధతిలో వ్యాయామం నేర్పిన 63 పరీక్షల్ని, 14 వేలమందికి పైగా రోగుల వివరాలతో, కాక్రేన్ అనే సంస్థ 2016లో కలిపి పరిశీలించింది. వ్యాయామం నేర్చినవాళ్లలో గుండె జబ్బుతో చనిపోవడం సుమారు నాలుగో వంతు తగ్గింది. మళ్లీ ఆసుపత్రిలో చేరడమూ తగ్గింది. ఆ పరీక్షల్లో ఎక్కువమంది రక్తనాళాల జబ్బున్న నడివయసు మగవాళ్లే. మన యువతకు మేలు ఇంకో రకంగా కూడా ఉంది. వాళ్లకు ముందు ముప్పై, నలభై ఏళ్ల బతుకు ఉంది. ఆ ఏళ్లన్నీ పనిచేస్తూ గడపాలా, కూర్చుని గడపాలా అన్నది మొదటి ఏడాదే చాలావరకు తేలిపోతుంది.

భయం ఎక్కడిది?

భయానికి కారణాలు లేవని మేము అనం. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. 2022 ఫిబ్రవరి 21న మన రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకే పోయారు. ఇద్దరూ ఒళ్లు చూసుకునేవారని పేరున్నవారే. 2023 జనవరి 27న మన కుప్పంలోనే, పాదయాత్ర మొదటిరోజు, జనం మధ్య నటుడు తారకరత్న కుప్పకూలారు. ఫిబ్రవరి 18న బెంగళూరులో కన్నుమూశారు. వయసు 39. ఆ వార్తలు వచ్చాక "జిమ్‌కు పోతే చస్తారు, నడిస్తే చస్తారు" అనే మాట మన వీధుల్లోకీ వచ్చింది.

ఆ ముగ్గురి గుండెల్లో ఏముందో వాళ్ల డాక్టర్లకు తెలుసు. మనం దాని మీద తీర్పులు చెప్పకూడదు. శాస్త్రం చెప్పింది మాత్రం విందాం. 18 నుంచి 45 ఏళ్లవాళ్లలో హఠాన్మరణాల మీద ఐసీఎంఆర్ 47 ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. కుటుంబంలో హఠాన్మరణాలు ఉండడం, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండడం, చివరి 48 గంటల్లో అతిగా మద్యం తాగడం, చివరి 48 గంటల్లో తీవ్రమైన శారీరక శ్రమ చేయడం ప్రమాదాన్ని పెంచాయని అది చెప్పింది. కోవిడ్ టీకా వేసుకున్నవాళ్లలో ప్రమాదం తక్కువగా ఉందనీ చెప్పింది.

ఇక్కడ ఉన్నది "తీవ్రమైన" అనే మాట. రోజూ చేసే నడక గురించి కాదు. ఆరు నెలలు మంచం మీద ఉండి, ఒకనాడు పౌరుషం వచ్చి క్రికెట్ టోర్నమెంటులో పరుగెత్తడం వేరు. రోజూ పది నిమిషాలు నడిచి, వారానికి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం వేరు. మొదటిది అగ్గితో ఆట. రెండోది పొయ్యి మీద అన్నం వండడం. తిరుపతిలో ఉన్న మనకు ఇంకో ఉదాహరణ తెలుసు. అలిపిరి కాలిబాటలో 3,550 మెట్లున్నాయి. గుండె జబ్బున్నవాళ్లు నడిచి కొండెక్కవద్దని టీటీడీయే చెబుతుంది. అంత మాత్రాన ఆ భక్తుడు ఊళ్లో చదును నేల మీద నడవకూడదని ఎవరూ అనరు కదా.

ఎంత నడవాలి? ఎలా నడవాలి?

ఇవి మేము డాక్టర్ల దగ్గర, ఫిజియోథెరపిస్టుల దగ్గర అడిగి తెలుసుకున్న సాధారణ సూత్రాలు. ఎవరికి ఎంత అన్నది వాళ్ల డాక్టరే చెప్పాలి. కాబట్టి మొదటి సూత్రం ఇదే. డిశ్చార్జి రోజున, తర్వాత చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ, "నేనెంత నడవొచ్చు? ఎంత బరువు ఎత్తొచ్చు? పనికి ఎప్పుడు పోవచ్చు?" అని మూడు ప్రశ్నలూ అడగాలి. డాక్టరుకు టైము లేక చెప్పకపోతే మనం మొహమాటపడి లేచి రాకూడదు.

స్టెంట్ వేసుకుని ఇబ్బందేమీ లేనివారు సాధారణంగా ఇంటికొచ్చిన మొదటి వారంలోనే చదును నేల మీద ఐదు, పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు మొదలుపెట్టొచ్చు. వారం వారం కొన్ని నిమిషాలు పెంచుతూ నెలా నెలన్నరకు అరగంటకు చేరుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకూ, డాక్టరు వద్దనకపోతే, గమ్యం అదే. అంత చేరలేనివాడికి చేసినంత మేలే.

ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసినవారి సంగతి వేరు. ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా నడక ఉంటుంది కానీ బరువులు ఎత్తడం, చేతులతో నెట్టడం, లాగడం, బండి నడపడం ఉండవు. రక్తం పలచబరిచే మాత్ర వేసుకునేవారు కబడ్డీ లాంటి దెబ్బలు తగిలే ఆటలు ఆడకూడదు. నడక, మెల్లగా సైకిలు తొక్కడం వాళ్లకు మంచివి. కవాటం బాగా సన్నబడినవారు, కండరం మందమైనవారు, గుండె పంపింగు బాగా తగ్గినవారు ఎకో చూపించి డాక్టరు గీత గీసిన తర్వాతే మొదలుపెట్టాలి.

ఎంత వేగం? దానికి మిషన్ అక్కర్లేదు. నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి. పాట పాడగలిగితే మరీ మెల్లగా నడుస్తున్నట్టు. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. గుండె వేగం తగ్గించే మాత్రలు వేసుకునేవారికి నాడి లెక్క సరిగా రాదు కాబట్టి వాళ్లకు ఈ మాట పరీక్షే మంచిది. మొదటి ఐదు నిమిషాలు మెల్లగా మొదలుపెట్టి, చివరి ఐదు నిమిషాలు మెల్లగా ముగించాలి. టక్కున ఆగిపోకూడదు.

ఎప్పుడు? మన రాయలసీమ ఎండ మీకు తెలుసు. వేసవిలో ఫజ్ర్ తర్వాత, లేదంటే అసర్, మగ్రిబ్ మధ్య ఎండ తగ్గాక. భోజనం చేసిన వెంటనే వద్దు. రంజాన్‌లో ఉపవాసం ఉండొచ్చా, మాత్రలు ఏ వేళకు మార్చాలి అన్నది షాబాన్ నెలలోనే డాక్టరును అడిగి పెట్టుకోవాలి. రోగికి దీన్ ఇచ్చిన సడలింపు ఉంది. దాన్ని తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఎప్పుడు ఆపాలి? ఛాతీ బిగపట్టినట్టు, నొప్పి దవడకో చేతికో పాకినట్టు, కళ్లు తిరిగినట్టు, గుండె దడదడలాడినట్టు, మామూలుకంటే ఎక్కువ ఆయాసం వచ్చినట్టు అనిపిస్తే వెంటనే కూర్చోవాలి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. "గ్యాస్‌లే" అని సోడా తాగి పడుకోవద్దు. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. మొదటి గంటల్లో వెళ్లినవాడికే దాని లాభం.

మసీదులో కుర్చీ

ఉలమాలు ఇక్కడే ఉన్నారు కాబట్టి వారి సమక్షంలోనే ఒక మాట మనవి చేస్తాం. మన మసీదుల్లో వెనక వరుసలో కుర్చీలు పెరిగాయి. నిలబడలేనివాడు కూర్చుని చదవొచ్చని షరీఅత్ ఇచ్చిన సౌలభ్యం అది. ఛాతీ ఎముక అతుక్కునే దాకా చేతుల మీద బరువు వేసి సజ్దా నుంచి లేవకూడదు కాబట్టి ఆపరేషన్ అయినవాడికి ఆ కుర్చీ అవసరం కూడా. అయితే మూడు నెలల కోసం కుర్చీ ఎక్కిన ముప్పై ఐదేళ్ల యువకుడు మూడేళ్లయినా దిగడం లేదు. డాక్టరు దిగొచ్చన్నాడా అని అడిగితే, "అడగలేదు" అంటాడు.

నమాజ్ ఇబాదత్. దాన్ని మేము వ్యాయామం అనడం లేదు, నడకకు బదులని కూడా అనడం లేదు. కానీ రోజుకు 17 ఫర్జ్ రకాతుల్లో నిలబడి, వంగి, 34 సజ్దాలు చేసి లేచేవాడి మోకాళ్లకూ నడుముకూ తొడలకూ కలిగే కదలిక కుర్చీలో కూర్చున్నవాడికి ఉండదు. అంతకంటే ముఖ్యం, వరుసలో భుజానికి భుజం కలిపి నిలబడినప్పుడు "నేను అందరిలాంటివాణ్ణే" అనే ధైర్యం వస్తుంది. డాక్టరు అనుమతి ఉన్న యువకుణ్ణి ఇమామ్ సాహెబ్ ఒక్కసారి ప్రేమగా పలకరించి, "ఇక నేల మీదికి రా బేటా" అంటే, అది మా కమిటీ పదిసార్లు చెప్పినదానికంటే బాగా పనిచేస్తుంది.

ఉమ్రా ఆశ కూడా మంచి మందే. సఫా, మర్వాల మధ్య సయీ ఒక్కటే మూడు కిలోమీటర్ల పైచిలుకు. తవాఫ్ చుట్లు దానికి అదనం. డాక్టరు ఒప్పుకున్న యువకుడు దాన్ని గురిగా పెట్టుకుని ఇక్కడే నెలల ముందు నుంచి నడక పెంచుకుంటూ రావొచ్చు.

మన ఆడపిల్లల సంగతి

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రచురించిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగంమందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. జబ్బు లేనివాళ్లే ఇలా ఉంటే, కవాటం మార్చిన ఇరవై నాలుగేళ్ల పిల్ల సంగతి చెప్పక్కర్లేదు.

మగపిల్లవాడు తిరుపతిలో యూనివర్సిటీ మైదానానికో, చిత్తూరులో మెసానికల్ గ్రౌండుకో, మదనపల్లెలో బీటీ కాలేజీ మైదానానికో వెళ్తాడు. ఆడపిల్ల ఎక్కడికి వెళ్తుంది? మిద్దె మీద నడిస్తే పక్కింటివాళ్లు చూస్తారు. వీధిలో నడిస్తే అడుగుతారు. అన్నిటికంటే పెద్ద భయం పెళ్లి. ఛాతీ మీద గీత ఉందని తెలిస్తే సంబంధాలు రావని జబ్బే దాస్తారు. దాచిన జబ్బుకు పరీక్షలుండవు, నడకుండదు. పెళ్లయ్యాక గర్భం వచ్చినప్పుడు అసలు ప్రమాదం బయటపడుతుంది. రక్తం పలచబరిచే మాత్ర వేసుకునే ఆడపిల్ల గర్భానికి ముందే డాక్టరును కలవాలి. ఈ మాట అమ్మాయికీ, అత్తగారింటికీ తెలిసి ఉండాలి. నిజం చెప్పి చేసిన పెళ్లిలోనే బరకత్ ఉంటుందని మేము నమ్ముతాం.

దీనికి మాకు తోచిన మార్గం ఒకటి ఉంది. మన ఊళ్లలో షాదీ మహళ్లున్నాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసి ఉంటాయి. వారంలో నాలుగు రోజులు, ఉదయం ఒక గంట, ఆ హాలు ఆడవాళ్లకు మాత్రమే ఇస్తే చాలు. నీడ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, పరదా ఉంటుంది, చదును నేల ఉంటుంది. గుండె, ఊపిరితిత్తుల రోగుల శక్తిని కొలవడానికి డాక్టర్లు వాడే ఆరు నిమిషాల నడక పరీక్షకు కావాల్సింది 30 మీటర్ల దారి, ఒక గడియారం, ఒక కుర్చీ, చూసుకునే మనిషి. అంత దారి పెద్ద హాల్లోనో, ఆవరణలోనో దొరుకుతుంది. మగవాళ్లకు ఈద్గా మైదానం ఉంది. ఏడాదిలో రెండు పండగలకు నిండే ఆ నేల మిగతా రోజుల్లో మన పిల్లల నడకకు పనికొస్తే అంతకంటే ఏం కావాలి?

దాతలకు మా విన్నపం

మీరు ఇచ్చేది మూడు రకాలుగా కావాలని అడుగుతున్నాం.

మొదటిది జకాత్. ఉలమాల సలహా ప్రకారం జకాత్ హక్కుదారుడైన పేదవాడి చేతికే చేరాలి, భవనాలకూ జీతాలకూ వాడకూడదు. కాబట్టి ఆ డబ్బును అర్హులైన యువ రోగులకు మొదటి ఏడాది మందులకు, రక్తపరీక్షలకు, ఆసుపత్రికి వెళ్లే బస్సు చార్జీలకు, పనికి పోలేని నెలల్లో ఇంటి బియ్యానికి వారి చేతికే ఇస్తాం. మందు కొనలేక మానేసినవాడు ఎంత నడిచినా లాభం లేదు. ఇంట్లో పొయ్యి వెలగకపోతే వాడు డాక్టరు చెప్పిన గడువుకు ముందే బరువులెత్తడానికి పోతాడు.

రెండోది సదఖా. ఫిజియోథెరపిస్టుకు గౌరవ వేతనం, బీపీ మిషన్లు, నడకదారికి గీతలు, ఒక్కొక్కరికి ఒక జత మంచి బూట్లు. బూట్లేమిటని నవ్వకండి. షుగరు కూడా ఉన్నవాడు అరిగిన హవాయి చెప్పులతో నడిస్తే కాలికి పుండు పడి నడకే ఆగిపోతుంది. నడిచేచోట గుండె ఆగి ఎవరైనా పడిపోతే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతిని ప్రతి మసీదు నుంచి నలుగురు కుర్రాళ్లకు నేర్పించాలనీ ఉంది.

మూడోదానికి డబ్బు అక్కర్లేదు. ఇక్కడ కూర్చున్నవారిలో మండీ యజమానులున్నారు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, ట్రాన్స్‌పోర్టులు, బట్టల దుకాణాలు నడిపేవారున్నారు. మీ దగ్గర పనిచేసిన పిల్లవాడికి గుండె ఆపరేషన్ అయితే, మీరు అతని చేతిలో పదివేలు పెట్టి పంపిస్తున్నారు. అల్లాహ్ మీకు దానికి ప్రతిఫలం ఇవ్వుగాక. కానీ అతను మీ దగ్గర కోరుకునేది ఆ పదివేలు కాదు, ఆ పని. డాక్టరు చీటీ తెమ్మనండి. మూటలెత్తే పని వద్దంటే లెక్కరాసే పని, బిల్లు కొట్టే పని, తూకం చూసే పని ఇవ్వండి. మొదట్లో అరపూట పెట్టుకోండి. జీతం తెచ్చే మనిషిని ఇంట్లో ఎవరూ మంచానికి కట్టెయ్యరు.

ఆపరేషన్‌కు సాయం చేస్తే ఫొటో ఉంటుంది, వార్త ఉంటుంది. రోజూ పొద్దున్నే ఒక యువకుడు తన వీధి చివరిదాకా నడిచి వస్తే దానికి ఫొటో ఉండదు. వచ్చే ఏడాది ఈ వేదిక మీద మేము చెప్పే లెక్కలో ఎన్ని ఆపరేషన్లు అన్న గడి పక్కన ఇంకో గడి చేర్చాలని కమిటీ నిశ్చయించింది. ఎంతమంది తిరిగి పనికి వెళ్లారన్నది ఆ గడి. దాన్ని నింపే పనిలో మీరు మా పక్కన ఉండాలి.

అల్లాహ్ మన రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక, మీ సంపాదనలో బరకత్ ఇవ్వుగాక, మనందరి ఈ చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.